ఎడమచేతివాడి చేతిలో ఐదు లీవరు తుపాకులు

పెన్సిల్వేనియాలో జింక వేటకి సెమీ ఆటోమేటిక్ రైఫిలు, అంటే పేల్చగానే తనంతట తానే ఇంకో తూటా ఎక్కించుకునేది, పట్టుకెళ్ళకూడదు. చట్టం ఒప్పుకోదు. దాంతో ఇక్కడ ఎక్కువమంది ప్రతి గుండుకీ పక్కనున్న పిడి ఎత్తి లాగి తోసే బోల్టు రైఫిలు కొంటారు. నాది ఎడమచేతి వాటం. మామూలు బోల్టు రైఫిలు నా భుజానికి ఆనిస్తే పిడి అవతలివైపు ఉంటుంది. ఒకసారి పేల్చాక తుపాకీ దించి, చెయ్యి పైనుంచి తిప్పి, పిడి ఎత్తి లాగి మళ్ళీ గురి చూసేసరికి జింక గుట్ట దిగిపోతుంది. ఎడమచేతివాళ్ళ కోసం చేసిన బోల్టు రైఫిళ్ళు లేకపోలేదు. కానీ పాతవాటిలో అవి దొరకవు, నాకేమో పాత ఇనుమూ పాత కర్రా అంటేనే ఇష్టం. లీవరుకి కుడి ఎడమల గొడవ లేదు. ట్రిగ్గరు చుట్టూ ఉన్న ఉంగరంలో వేళ్ళు దూర్చి కిందికి తోసి పైకి లాగితే పేలిన తూటా ఖాళీ ఇత్తడి తొడుగు బయటికీ, కొత్త తూటా లోపలికీ. పదకొండేళ్ళ కిందట అలా ఇందులో పడ్డాను.

నాకున్నది ఒక్కటే, మార్లిన్ 336. మిగతా నాలుగూ తెలిసినవాళ్ళవి. మా పక్కింటి పెద్దాయనది వించెస్టర్ 94. ఆయనకి డెబ్బై ఎనిమిదేళ్ళు, నాకు వేట నేర్పింది ఆయనే. గురి సాధన చేసే రేంజిలో పరిచయమైన ఒకాయన దగ్గర సావేజ్ 99, ఆయన అల్లుడి దగ్గర బ్రౌనింగ్ బీఎల్ఆర్ ఉన్నాయి. హెన్రీని మాత్రం రెండు మధ్యాహ్నాలు రేంజిలో కాల్చి చూశానంతే, అడవికి తీసుకెళ్ళలేదు. కాబట్టి దాని గురించి నా మాట సగమే లెక్కలోకి తీసుకోండి.

ముందు మా అడవి ఎలా ఉంటుందో చెప్పాలి. అది తెలియకుండా తుపాకీని మెచ్చుకున్నా, తిట్టినా అర్థం ఉండదు. మేం వెళ్ళేది రాష్ట్రానికి ఉత్తరాన పాటర్ కౌంటీ వైపు. హెమ్లాక్ చెట్లు, వాటి కింద నడుం ఎత్తున లారెల్ పొదలు. చాలాచోట్ల అరవై గజాలు దాటి చూపు ఆనదు. ఈ పదకొండు సీజన్లలో నేను ఏడు జింకల మీద పేల్చాను. అన్నిటికన్నా దూరంది తొంభై నాలుగు అడుగులు వేసి కొలిచాను, దగ్గరిది ఇరవై రెండు. మూడు వందల గజాల అవతల గుండు ఎంత వేగంగా వెళ్తుందన్న వాదన నా మంచె మీద కూర్చుంటే పనికిరాదు. అక్కడ పనికొచ్చేది వేరు. తెల్లవారుజామున గుట్ట ఎక్కుతుంటే తుపాకీ చేతిలో ఎలా ఒదిగింది, మంచులో బిగుసుకున్న వేళ్ళకి లీవరు అందిందా, యాభై దాటిన కంటికి గురి చూసే సైటు కనిపించిందా, సాయంత్రం చీకట్లో దాన్ని ఖాళీ చెయ్యడం ఎంతసేపు పట్టింది. నేను ఈ ఐదింటినీ తూచింది ఈ తూకంతోనే.

వించెస్టర్ 94తో మొదలెడతాను, ఎందుకంటే లీవరు తుపాకీ అనగానే అందరి కళ్ళ ముందూ కదిలే బొమ్మ అదే. జాన్ బ్రౌనింగ్ దీన్ని గీసిన ఏడు 1894. మరుసటి ఏడాది దీనికి 30-30 అనే తూటా వచ్చింది. ముప్ఫై క్యాలిబరు, ముప్ఫై గ్రెయిన్ల బరువు పొగలేని మందు, అందుకే ఆ పేరు. అమెరికాలో వేట కోసం అమ్మిన పొగలేని మందు తూటాల్లో మొదటి వరసది అది. ఆ తర్వాత ఈ తుపాకీలు డెబ్బై లక్షలకి పైగా తయారయ్యాయి. పెద్దాయనది 1951 నాటిది, వాళ్ళ నాన్నగారు కొన్నది. రిసీవరు, అంటే తూటా ఎక్కించే భాగాలుండే నడిమి ఇనుప డొక్క, దాని మీద నీలి రంగు పోయి వెండిలా తేలింది. ఎక్కడ పోయిందో చూస్తే ఆ ఇంటి మగవాళ్ళు దాన్ని ఎక్కడ పట్టుకు మోశారో తెలుస్తుంది.

మోయడంలో దీన్ని కొట్టే తుపాకీ నేను చూడలేదు. రిసీవరు పలకలా పల్చగా ఉంటుంది. కింద గుప్పిట్లో పెట్టుకుంటే సరిగ్గా తూకం కుదిరిన చోటే చెయ్యి పడుతుంది, గుట్ట ఎక్కుతూ రెండో చేత్తో కొమ్మ పట్టుకోవచ్చు. బరువు ఏడు పౌండ్లకి లోపే. ఇంకో సంగతి చెప్తాను, కుడిచేతివాళ్ళకి ఇది తట్టదు. పాత 94లో పేలిన తూటా పైకి ఎగురుతుంది. అందరూ దీన్ని తప్పుగా చెప్తారు, ఎందుకంటే పైన స్కోపు, అంటే గురి చూసే దుర్భిణీ, బిగించడానికి వీలుండదు. నాకు అదే వరం. నా మొహం తుపాకీకి కుడిపక్కన ఉంటుంది కదా, కుడికి విసిరే తుపాకులన్నీ వేడి ఇత్తడిని నా ముక్కు ముందు నుంచే విసురుతాయి. 94 మాత్రం నా టోపీ మీదుగా పంపిస్తుంది.

ఇక కష్టాలు. కొమ్ముల్లా వంగిన వెనక సైటు నా కంటికి ఇప్పుడు ఊదారంగు మచ్చలా కనిపిస్తుంది. ముప్ఫై ఏళ్ళవాడికి ఈ బాధ తెలియదు. వెనక చిన్న రంధ్రంలోంచి చూసే పీప్ సైటు పెడితే పోతుందని నాకూ తెలుసు, కానీ వాళ్ళ నాన్న తుపాకీకి బెజ్జం పెట్టమని పెద్దాయనని అడిగే ధైర్యం నాకు లేదు. రేంజిలో వంద గజాల దగ్గర నా మూడు గుళ్ళు నాలుగు అంగుళాల వలయంలో పడ్డాయి. ఆయనవి అదే తుపాకీతో, నా కన్నా పాతికేళ్ళు పెద్ద కళ్ళతో, మూడు అంగుళాల్లో పడ్డాయి. ఇందులో తుపాకీ దోషం లేదు.

కొనాలనుకునేవాళ్ళు తయారైన ఏడాది చూసుకోవాలి. 1964లో ఖర్చు తగ్గించుకోవడానికి లోపలి భాగాల్ని మార్చారు. చెక్కి తీసిన ఉక్కు ముక్కల బదులు కొన్నిచోట్ల రేకు నొక్కి చేసిన ముక్కలు వచ్చాయి. అందుకే '1964కి ముందుది' అన్న మాట వినగానే ధర ఎగబాకుతుంది. తర్వాత నాణ్యత మళ్ళీ మెరుగుపడింది. 1980ల మొదట్లో తూటాని పక్కకి వాలుగా విసిరేలా మార్చి స్కోపుకి చోటిచ్చారు. న్యూహేవెన్ ఫ్యాక్టరీ 2006లో మూతపడింది. ఇప్పుడొస్తున్నవి జపాన్‌లో మిరోకువాళ్ళు చేస్తున్నవి. పనితనం ఎంతో శుభ్రంగా ఉంది. ఒకటి పట్టుకు చూశాను, బొటనవేలి కింద కొత్త సేఫ్టీ కనిపించింది. పాతదానికి అలవాటు పడ్డ చెయ్యి అక్కడ ఒక్క క్షణం తడబడుతుంది.

మార్లిన్ 336 నాది. 1974 నాటిది. క్లబ్బులో వేట మానేస్తున్న ఒకాయన అమ్మితే 475 డాలర్లకి తీసుకున్నాను. ఇద్దరం దుకాణానికి వెళ్ళి, తుపాకీ కొనేవాళ్ళు నింపే 4473 ఫారం నింపి, తనిఖీ పూర్తయ్యాకే చేతులు మార్చాం. గ్రీన్ కార్డు వచ్చిన ఏడు అది. ఇంటికి తెచ్చాక మా ఆవిడ పెట్టె తెరిచి చూసి, "ఇదేంటండీ, కౌబాయి సినిమాలో దానిలా ఉంది, నిజంగా పేలుతుందా?" అంది.

ఈ మోడలు 1948లో వచ్చింది, కానీ దీని వంశం 1893 దాకా వెళ్తుంది. వించెస్టర్‌కీ దీనికీ అసలు తేడా రిసీవరు పైభాగంలో ఉంది. మార్లిన్ పైన పూర్తిగా మూసి ఉంటుంది, తూటా కుడిపక్క నుంచి బయటికొస్తుంది. అందుకని పైన స్కోపు హాయిగా కూర్చుంటుంది, వానా మంచూ లోపలికి దిగవు. నేను మాత్రం స్కోపు పెట్టలేదు. పీప్ సైటు పెట్టాను. చిన్న రంధ్రంలోంచి చూస్తే కన్ను తనంతట తానే ముందు సైటుని మధ్యలో నిలబెట్టుకుంటుంది, వెనక సైటు మసకగా ఉన్నా ఫరవాలేదు. దీనితో వంద గజాల దగ్గర నా వలయం రెండున్నర అంగుళాలు. కళ్ళజోడు మార్చినంత తేడా. వేట కోసం లోపలి రంధ్రం బిళ్ళ తీసేసి పెద్ద రంధ్రంతోనే చూస్తాను, సంధ్యవేళ వెలుతురు సరిపోతుంది.

శుభ్రం చెయ్యడంలో మార్లిన్‌కి సాటి లేదు. లీవరు దగ్గర ఒక్క మర విప్పితే లీవరు వస్తుంది, బోల్టు వెనక్కి జారి వస్తుంది, పేలిన తూటాని బయటికి విసిరే ఎజెక్టరు రాలుతుంది. జాగ్రత్త, అది సోఫా కిందికి దొర్లిందంటే ఆ రాత్రికి నిద్ర లేదు. గొట్టాన్ని వెనక నుంచే తుడవొచ్చు. 94ని మూతి వైపు నుంచి తుడవాలి, పూర్తిగా విప్పడం నాలాంటివాడి పని కాదు.

లోపాలు చెప్పకపోతే సొంత బిడ్డని పొగిడినట్టుంటుంది. రిసీవరు 94 కన్నా లావు, చేతిలో గుండ్రంగా బరువుగా ఉంటుంది. రోజంతా నడిచే రోజున ఆ కాస్త తేడా సాయంత్రానికి మోచేతిలో తెలుస్తుంది. తూటాలు నింపే పక్క తలుపు అంచు పదునుగా ఉండి బొటనవేలిని గీస్తుంది. సున్నా డిగ్రీల చలిలో అది గీసిన సంగతి రక్తం చూసేదాకా తెలియదు. వేడి తూటా ముక్కు ముందు నుంచి పోవడం గురించి చెప్పాను కదా. అలవాటు పడ్డాను.

ఈ తుపాకీల్లో కూడా తయారైన ఏడాది చూసుకోవాలి. 1980ల మొదటి నుంచీ రిసీవరుకి అడ్డంగా సేఫ్టీ బటను వచ్చింది. అది మూసి ఉందని మరిచిపోయి ట్రిగ్గరు నొక్కితే తూటాని పేల్చే సుత్తి, హ్యామరు, టక్కుమని పడుతుంది, గుండు వెళ్ళదు, జింక వెళ్తుంది. నాదానికి అది లేదు, హ్యామరుని సగం గాటులో ఆపి ఉంచడమే దాని సేఫ్టీ. 2007లో కంపెనీ రెమింగ్టన్ చేతికి వెళ్ళింది, తర్వాత పాత ఫ్యాక్టరీ మూసి యంత్రాల్ని న్యూయార్క్ రాష్ట్రానికి తరలించారు. 2020లో రూగర్ కొంది. ఇప్పుడు నార్త్ కరొలైనాలో చేస్తున్నారు. 336 మళ్ళీ 2023లో మార్కెట్లోకి వచ్చింది. పాతవి వెతికేవాళ్ళు గొట్టం మీద పాత ఫ్యాక్టరీ వేసిన 'జేఎం' ముద్ర ఉందా అని చూడటం అందుకే. రూగర్‌వాళ్ళు చేసింది ఒకటి రేంజిలో తిప్పి చూశాను. లీవరు నాదానికన్నా నున్నగా కదిలింది. ఒప్పుకోవడానికి కొంచెం బాధగానే ఉంది.

తూటా సంగతి ఇక్కడే చెప్పాలి. ఈ రెండు తుపాకుల్లోనూ తూటాలు గొట్టం కింద ఇంకో గొట్టంలో ఒకదాని వెనక ఒకటి పడుకుంటాయి. వెనకదాని గుండు మొన ముందుదాని ప్రైమరుకి, అంటే తూటా అడుగున మందుకి నిప్పంటించే బిళ్ళకి, ఆనుకుంటుంది. మొన సూదిగా ఉండి, తుపాకీ అదిరితే ఏమవుతుందో ఊహించుకోండి. అందుకే 30-30కి మొద్దు మొన గుళ్ళే వాడాలి. మొద్దు మొన గాలిని కోయలేదు కనుక దూరం పోయే కొద్దీ వేగం పడిపోతుంది. 2006లో హార్నడీవాళ్ళు మెత్తటి రబ్బరు లాంటి మొన పెట్టి దీనికి విరుగుడు కనిపెట్టారు. మంచి తూటానే, నూట యాభై గజాలు దాటి పేల్చేవాళ్ళు అది తప్పక వాడాలి. నేను మాత్రం 170 గ్రెయిన్ల మొద్దు గుండే వాడతాను. గొట్టం విడిచేటప్పుడు సెకనుకి దాదాపు 2200 అడుగుల వేగం. వంద గజాలకి సరిచేసి పెట్టుకుంటే రెండొందల గజాల దగ్గర సుమారు ఎనిమిది అంగుళాలు కిందికి దిగుతుంది. నా అడవిలో రెండొందల గజాలు ఖాళీగా కనిపించే చోటు కరెంటు తీగల కింద తప్ప ఇంకెక్కడా లేదు. నా ఏడు జింకల్లో ఐదు దెబ్బ తగిలిన చోటి నుంచి యాభై అడుగుల్లోపే దొరికాయి, ఒకటి నూట ఇరవై గజాలు పరిగెత్తింది. ఏడోది తప్పిపోయింది. అది పూర్తిగా నా తప్పే, లారెల్ కొమ్మని కాల్చాను.

ఇప్పుడు సావేజ్ 99. దీని గురించి రాయాలంటే కొంచెం ఊపిరి పీల్చుకోవాలి. ఆర్థర్ సావేజ్ అనే ఆయన జమైకాలో పుట్టినవాడు. న్యూయార్క్ రాష్ట్రంలో యుటికా ఊళ్ళో దీన్ని తయారు చేయించాడు. పేరులో ఉన్న 99 అంటే 1899. అప్పటి తుపాకుల పక్కన పెడితే ఇది ఎవరో భవిష్యత్తులోంచి తెచ్చినట్టుంటుంది. బయట హ్యామరు లేదు. గొట్టం కింద గొట్టమూ లేదు. రిసీవరు లోపల ఇత్తడి కండెలాంటిది ఒకటి తిరుగుతుంటుంది, నేతగాడి కండె మీద దారంలా తూటాలు దాని చుట్టూ గాళ్ళలో పడుకుంటాయి. ఒకదాని మొన ఇంకోదానికి తగలదు. కాబట్టి సూది మొన గుండు నిశ్చింతగా వాడొచ్చు. ఆ ఒక్క ఆలోచనతో లీవరు తుపాకీ దూరం రెట్టింపయ్యింది. 1915లో దీనికి 250-3000 అనే తూటా వచ్చింది, సెకనుకి మూడు వేల అడుగులని పేరులోనే చాటుకుంది. 1920లో 300 సావేజ్ వచ్చింది. మా స్నేహితుడిది ఆ 300 సావేజే, 1950ల నాటిది.

లీవరు తెరిచి మూస్తే మంచి తాళం పడిన శబ్దం వస్తుంది. స్కోపు పెట్టి ఉంది, వంద గజాల దగ్గర నా మూడు గుళ్ళు అంగుళంన్నరలో పడ్డాయి, నేను నా చేతిని నేనే నమ్మలేకపోయాను. ఇంకా ఎన్ని తూటాలు మిగిలాయో చెప్పడానికి రిసీవరు పక్కన చిన్న కిటికీ ఉంది, ఇత్తడి చక్రం మీద అంకె కనిపిస్తుంది. కానీ ఆ కిటికీ ఎడమవైపు పెట్టారు. కుడిచేతివాడి కంటికి ఎదురుగా ఉంటుంది. నాకు అంకె చూడాలంటే తుపాకీ తిప్పాలి. నూట పాతికేళ్ళ కిందటి ఆ మహానుభావుడికి నాలాంటివాడు గుర్తురాలేదు.

దీనితో నా చిక్కు ఒకటే, సేఫ్టీ. 1960ల ముందటి వాటిల్లో సేఫ్టీ లీవరు మీదే జారుడు ముక్కలా ఉంటుంది. ఉన్ని తొడుగు వేసుకున్న వేళ్ళకి అది దొరకదు. దొరికినా శబ్దం చేస్తుంది. తర్వాతివాటిల్లో బొటనవేలి కిందికి తెచ్చారు. కొనేవాళ్ళు ఆ తర్వాతి దాన్ని చూసుకోవడం మేలు. రిసీవరు వెనక కర్ర దగ్గర సన్న పగుళ్ళు ఉన్నాయేమో కూడా దీపం వేసి చూడండి. 1990ల చివరికి తయారీ ఆగిపోయింది. ఇంత సున్నితమైన పని ఇప్పుడు చేయిస్తే ఎవరూ కొనలేరు. ఉన్నవాటి ధర ఏటా పెరుగుతోంది.

బీఎల్ఆర్ గురించి తొందరగా చెప్పేస్తాను. బుద్ధి దాన్ని కొనమంటుంది, మనసు వద్దంటుంది. లీవరు లోపల పళ్ళ చక్రాలుంటాయి, బోల్టు తిరిగి తాళం పడుతుంది, కింద ఊడదీసే తూటాల పెట్టె, అంటే మ్యాగజీను. 308 లాంటి గట్టి తూటాలు పేలుస్తుంది, సూది మొనలైనా సరే. ట్రిగ్గరు లీవరుతో పాటే కిందికి దిగుతుంది, వేలు మధ్యలో నలగదు. ఇదంతా బాగుంది. కానీ అల్లుడిగారి బీఎల్ఆర్ ట్రిగ్గరు ఎంతకీ వదలదు, బావి గిలకలాగా లాగాలి. విప్పి చూద్దామంటే పళ్ళ చక్రాల వరస తప్పితే మళ్ళీ కూర్చోబెట్టడం ఇంటి పని కాదు. ఇది లీవరు వేషం కట్టిన బోల్టు రైఫిలు. పొలాల అంచున కూర్చుని రెండు వందల యాభై గజాల అవతలికి కాల్చే ఎడమచేతివాడికి మాత్రం కళ్ళు మూసుకుని ఇదే చెప్తాను.

హెన్రీ లీవరు అన్నిటికన్నా మెత్తగా కదులుతుంది, వెన్నలో కత్తి దిగినట్టు. నేను కాల్చింది పసుపు ఇత్తడి రిసీవరు, ఎనిమిది పలకల గొట్టం ఉన్నది. ఆ మెరుపు పెళ్ళి ఊరేగింపుకి బాగుంటుంది. బరువూ ఎక్కువే. తూటాలు నింపడానికి ముందు వైపు కింది గొట్టంలోని సన్న గొట్టాన్ని బయటికి లాగాలి. వేటలో చకచకా ఒక తూటా జొప్పించాలంటే కుదరదు. ఇటీవలి మోడళ్ళకి పక్క తలుపు కూడా పెట్టారు, అది తీసుకోండి. పేరు చూసి 1860 నాటి హెన్రీ రైఫిలు చేసిన సంస్థే ఇదని కొందరు పొరబడతారు. పేరు మాత్రమే దానిది, కంపెనీ 1990ల్లో పెట్టింది.

కానీ ఖాళీ చేసే విషయంలో హెన్రీ నా మార్లిన్‌ని ఓడిస్తుంది. సాయంత్రం సూర్యుడు దిగిన అరగంటకి వేట సమయం అయిపోతుంది. తూటా ఉన్న తుపాకీని బండిలో పెట్టకూడదు. మార్లిన్‌లో, 94లో, సావేజ్‌లో ప్రతి తూటానీ లీవరు తిప్పి ఒక్కొక్కటే బయటికి తోడాలి. అంటే ఖాళీ చెయ్యడానికి ఐదుసార్లు తుపాకీని నింపుతున్నట్టు. మూతి నేల వైపు పెట్టి, వేలు ట్రిగ్గరుకి దూరంగా, తలదీపం వెలుగులో, ఆకుల్లో పడ్డ తూటాలు వెతుక్కుంటూ. మా పిల్లాడికి మొదటి తుపాకీ కొనాల్సి వస్తే నేను ఈ ఒక్క సంగతికే హెన్రీ గానీ బీఎల్ఆర్ గానీ కొంటాను. హెన్రీలో గొట్టం లాగి వంచితే తూటాలు దోసిట్లో పడతాయి, బీఎల్ఆర్‌లో మ్యాగజీను ఊడదీస్తే చాలు. గొట్టం మొదట్లో పేలే చోట ఉన్న ఆఖరి తూటా ఒక్కటీ లీవరుతో తీసుకోవాలి.

నన్ను అడిగితే మా అడవికి మార్లిన్ 336. రెండోసారి పుట్టి డబ్బుతో పుడితే సావేజ్ 99, బొటనవేలి సేఫ్టీ ఉన్నది. కళ్ళు ముప్ఫైల్లో ఉన్నవాడికీ, రోజంతా నడిచేవాడికీ 94.

పోయిన సీజను ఆఖరి శనివారం పెద్దాయన మోకాలు నొప్పితో ఇంట్లోనే ఉండిపోయాడు. ఉదయం నాలుగున్నరకి నా బండి చప్పుడు విని వాకిట్లోకి వచ్చి, ఆ 94ని గుడ్డలో చుట్టి నా చేతిలో పెట్టాడు. "దీనికి గాలి తగలాలి, ఈ ఏడు అడవి చూడలేదు" అన్నాడు. ఐదు తూటాలు లెక్కపెట్టి ఇచ్చాడు. పగలంతా నడిచాను. మధ్యాహ్నం నలభై గజాల్లో ఒక ఆడజింక నిలబడి నన్నే చూసింది. కొమ్ముల సైటు మసక మసకగా దాని భుజం మీదికి వచ్చింది. నమ్మకం కుదరలేదు, హ్యామరు దించేశాను. సాయంత్రం వాళ్ళ వాకిట్లో నిలబడి ఐదు తూటాలూ తిరిగి ఆయన చేతిలో పోశాను. ఆయన మళ్ళీ లెక్కపెట్టుకున్నాడు.